వచ్చే నెల హోమ్ నుంచి వెళ్లిపోతున్నా, రైలన్నకి ఎప్పుడు చెప్పాలి?

ఓరుగల్లు పోరడు:

అందరికీ నమస్తే. పోస్టు పొడుగైంది, ఓపికున్నవాళ్లే చదవండి.

డిగ్రీ అయ్యాక ఇంట్లో ఖాళీగా ఉంటే, తెలిసిన సార్ ఒకాయన చెప్పారని కాజీపేట దగ్గర ఒక హోమ్‌లో వలంటీర్‌గా చేరాను. హోమ్ అనగానే మనవాళ్లు అనాథాశ్రమం అనుకుంటారు, అది కాదు. బుద్ధిమాంద్యం ఉన్న పెద్దవాళ్లు పదకొండు మంది, వలంటీర్లం నలుగురం, వంట చూసే అవ్వ, ఇల్లు నడిపే అక్క. అందరం ఒకే ఇంట్లో ఉంటాం, ఒకే వంట, ఒకే వరుసలో కూర్చుని తింటాం. జీతం ఉండదు. తిండి, పడక, నెలకి రెండు వేలు చేతిఖర్చు. మా బాపు దీన్ని "ఉత్త పుణ్యానికి చాకిరి" అంటాడు, మొదటి నెల నేనూ అట్లనే అనుకున్నా. మూడు నెలలని వచ్చినవాణ్ని, ఇప్పుడు పదో నెల.

పొద్దున ఐదున్నరకి లేస్తాం. స్నానాలు, బట్టలు, టాబ్లెట్లు, టిఫిన్, అసలు కష్టమంతా ఈ రెండు మూడు గంటల్లోనే ఉంటుంది. తర్వాత బియ్యంలో రాళ్లు ఏరడం, తోటకి నీళ్లు, మధ్యాహ్నం దూది వత్తులు చేసి ప్యాకెట్లు కట్టడం, గుళ్ల దగ్గర దుకాణాలవాళ్లు తీసుకుంటారు. నేను ఒక్కణ్నే చేస్తే గంటలో అయిపోయే పని మేమందరం కలిసి చేస్తే సాయంత్రం దాకా పడుతుంది. దానికి అలవాటు పడటానికే నాకు మూడు నెలలు పట్టింది.

నేనుండే గదిలోనే ఒకాయన ఉంటాడు, నలభై దాటాయి, మేం రైలన్న అంటాం. సాయంత్రం ఫాతిమానగర్ బ్రిడ్జి దాకా నడుస్తాం కదా, కింద బండి కనబడితే చాలు, ఇది బల్లార్షా వైపు, ఇది బెజవాడ వైపు అని చెప్పేస్తాడు. చదవడం రాదు. శాతవాహన లేటయితే అది పోయేదాకా ఇంటికి రాడు, అవ్వ అన్నం వండి ఎదురుచూస్తూ నన్ను తిడుతుంది. చొక్కా గుండీలు కిందవన్నీ ఆయనే పెట్టుకుంటాడు, మెడ దగ్గరది మాత్రం నేను పెట్టాలి. మొదట్లో టైం అయిపోతుందని అన్నీ నేనే పెట్టేసేవాణ్ని. అక్క చూసి "నీ తొందర ఆయన మీద చూపించకు" అంది. అప్పట్నుంచి మంచం మీద కూర్చుని చూస్తుంటా. ఒకసారి ఫోన్లో టైం చూశా, పదకొండు నిమిషాలు.

ఇప్పుడు సంగతేంటంటే హైదరాబాద్‌లో జాబ్ వచ్చింది. చేరాల్సిన తేదీ సరిగ్గా బతుకమ్మ రోజుల మధ్యలో పడింది. మా హోమ్‌లో తంగేడు, గునుగు పూలు కోసుకొచ్చే పని మగవాళ్లది, గునుగుకి రంగులద్దడం రైలన్నది. ఆ పని ఇంకొకరు ముట్టుకుంటే ఊరుకోడు. ఇప్పట్నుంచే "గులాబి రంగు తేవాలె" అని రోజూ గుర్తు చేస్తున్నాడు, నేను ఊఁ అంటున్నా.

ఇంకా 34 రోజులుంది. ఇప్పుడే చెప్తే రోజూ ఏడుస్తాడేమో, చివర్లో చెప్తే మోసం చేసినట్టు. ఇట్లాంటి చోట ఉండి వచ్చినవాళ్లు ఎట్లా చెప్పారు? ఉద్యోగం మానెయ్ అనే సలహా మాత్రం వద్దు, ఇంటి పరిస్థితి అట్లా లేదు.

నక్కలగుట్ట నైట్‌షిఫ్ట్:

బ్రో ఎక్కువ ఆలోచిస్తున్నావ్. చివరి రోజు అందరికీ స్వీట్లు పంచి, ఊరికి పోయొస్తా అని చెప్పి వచ్చెయ్. నేను ఒక సంస్థలో ఆర్నెల్లు చేసి అట్లనే వచ్చా, ఏం కాలేదు. వాళ్లకి నాలుగు రోజుల తర్వాత గుర్తుండదు. ముందే చెప్తే నెలంతా నీకూ టెన్షన్, వాళ్లకీ టెన్షన్.

పరకాల అమ్మ:

పై బాబుకి ఒక మాట. ఏం కాలేదని నీకెలా తెలుసు నాయనా? నువ్వు అక్కడ లేవు కదా.

నాకు 29 ఏళ్ల కొడుకు ఉన్నాడు. నాలుగేళ్లుగా ఇలాంటి ఒక ఇంట్లోనే ఉంటున్నాడు, ఏ ఊరో చెప్పను. మాకు వయసు మీద పడుతోంది, మా తర్వాత ఎలా అన్న భయంతో గుండె రాయి చేసుకుని పంపాం. అక్కడ రాత్రి కంచాలు పెట్టే పని వాడిది. లెక్క రాదు వాడికి, అయినా కంచం తప్పడు, ఎందుకంటే ఒక్కో కంచం పెడుతూ ఒక్కో మనిషి పేరు చెప్తాడు. ఒక అమ్మాయి ఎనిమిది నెలలు పనిచేసి నువ్వు చెప్పినట్టే ఊరికి పోయొస్తానని చెప్పి వెళ్లింది. మావాడు ఆ పిల్ల కంచం రెండు నెలలు పెట్టాడు. పెట్టి, అన్నం వడ్డించమని అడిగేవాడు. వడ్డించకపోతే తను తినేవాడు కాదు. అన్నం తినకపోతే ఫిట్స్ టాబ్లెట్ వేసుకోడు, వేసుకోకపోతే ఫిట్స్. మందు డోసు సరిపోవట్లేదేమో అని డాక్టర్ చుట్టూ తిరిగాం. నెల దాటాక అక్కడి వంటామె చెప్తేగానీ కంచం సంగతి మాకు తెలియలేదు.

ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు, చిన్నపిల్ల, ఏడుపు చూడలేక అలా చేసి ఉంటుంది. కానీ "పోయొస్తా" అన్న మాటని మావాడు నమ్మాడు. వాళ్లు మాట నమ్ముతారు బాబూ, మనలాగా మర్యాదకి అన్నారులే అని తీసేయరు.

ఓరుగల్లు పోరడూ, ఇప్పుడే చెప్పు. నోటితో ఒకసారి చెప్తే సరిపోదు. పెద్ద గళ్ల క్యాలెండర్ ఒకటి గోడకి పెట్టి, నువ్వు వెళ్లే రోజు గడిలో రైలు బొమ్మ వెయ్యి, రోజుకో గడి ఆయనతోనే కొట్టేయించు. ఏడిస్తే ఏడవనీ, నువ్వు పక్కన ఉన్నప్పుడే ఏడవడం మంచిది.

నక్కలగుట్ట నైట్‌షిఫ్ట్:

సారీ అమ్మా. నేను ఆ కోణంలో ఆలోచించలేదు. నిజం చెప్పాలంటే వచ్చాక ఒక్కసారి కూడా ఫోన్ చేయలేదు.

చలిదేశం రిటర్న్:

నేను హన్మకొండే, స్కాట్లాండ్‌లో ఒక క్యాంప్‌హిల్ కమ్యూనిటీలో ఏడాది ఉండి వచ్చా. నీ హోమ్ వివరాలు చదువుతుంటే అదే గుర్తొచ్చింది, పప్పు బదులు సూపు, బతుకమ్మ బదులు క్రిస్మస్, అంతే తేడా. కార్ల్ కోనిగ్ అని వియన్నా డాక్టర్, 1938లో ఆస్ట్రియాని నాజీలు ఆక్రమించాక దేశం వదిలి కొంతమందితో అబర్డీన్ దగ్గరికి చేరాడు, 1940లో క్యాంప్‌హిల్ అనే ఎస్టేట్‌లోకి మారారు, పేరు అలా వచ్చింది. మొదలుపెట్టినవాళ్లలో చాలామంది దిక్కులేక వచ్చినవాళ్లే. అక్కడా నీలాగే జీతం లేదు, గది, తిండి, పాకెట్ మనీ. నేను వెళ్లిన చారిటీ వర్కర్ వీసాకి 12 నెలలు మించి ఉండే వీల్లేదు, అంటే నేను అడుగుపెట్టిన రోజే వెళ్లే రోజు రాసిపెట్టి ఉంది.

మా ఇంట్లో డౌన్ సిండ్రోమ్ ఉన్న పెద్దావిడ ఉండేది. మొదటి రోజు నేను బ్యాగ్ కింద పెట్టకముందే "నువ్వెప్పుడు వెళ్తావ్?" అని అడిగింది. నాకు మొహం మాడిపోయింది, వచ్చిన పది నిమిషాలకే పొమ్మంటోంది అనుకున్నా. ఆగస్టు అని చెప్పా. లోపలికి వెళ్లి ఒక చెప్పుల అట్టపెట్టె తెచ్చింది, నిండా ఫోటోలు, అంతకుముందు ఆ ఇంట్లో ఉండి వెళ్లిన కుర్రకారంతా. నాది కూడా ఇమ్మంది. చేతిలో ఉన్నది వీసా కోసం తీయించిన పాస్‌పోర్ట్ ఫోటో ఒక్కటే, అదే ఇచ్చా. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నవ్వుతూ ఉన్నది లేదా అని అడిగింది.

అప్పుడు అర్థమైంది నాకు. నాకు అది ఒక ఏడాది అనుభవం. ఆవిడకి అది ప్రతి ఏడాదీ. మనం ఒకసారి వెళ్తాం, వాళ్లు ముప్పై సార్లు సాగనంపుతారు. అందుకే చెప్పాలా వద్దా అన్నది నీ బాధని బట్టి తేల్చుకునే విషయం కాదనిపిస్తుంది నాకు, తెలుసుకునే హక్కు ఆయనది.

ఇంకోటి, రైలన్నకి నువ్వే మొదటి రూమ్మేట్ అనుకుంటున్నావేమో. అక్కని అడుగు, నీకంటే ముందు ఆ పై గుండీ ఎవరు పెట్టారో.

గంప కింద కోడి:

స్పెషల్ ఎడ్యుకేటర్‌ని, పన్నెండేళ్లుగా ఇదే పని. పరకాల అమ్మ చెప్పిన క్యాలెండర్ నూటికి నూరుపాళ్లు కరెక్ట్. నేను చెప్పేది దాని తర్వాత సంగతి.

ఒక నోట్‌బుక్ కొను. ఆయన గురించి నీ బుర్రలో ఉన్నదంతా అందులో రాయి, ఎందుకంటే అది నీతో పాటే హైదరాబాద్ బస్సెక్కేస్తుంది. స్నానానికి నీళ్లు ఎంత వేడి, ఏ గ్లాసులో చాయ్ తాగుతాడు, టాబ్లెట్ అరటిపండులో పెడితే వేసుకుంటాడా, మజ్జిగతోనా, ఏ మాటకి కోపం వస్తుంది. గుండీల పదకొండు నిమిషాలు కచ్చితంగా రాయి, లేకపోతే కొత్తగా వచ్చినవాడు మళ్లీ మొదట్నుంచి తొందరపెడతాడు. ఫిట్స్ ఉంటే ఒక పేజీ మొత్తం దానికే: వచ్చేముందు మనిషి ఎలా ఉంటాడు, మామూలుగా ఎంతసేపు ఉంటుంది. మన దగ్గర ఇంకా చేతిలో తాళంచెవులు పెడుతున్నారు, దానివల్ల ఏమీ కాదు. పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, గట్టిగా అదిమి పట్టుకోకూడదు, టైం చూడాలి. ఐదు నిమిషాలు దాటితే 108. వీలైతే కొత్తవాడు నువ్వుండగానే వచ్చి ఒక వారం నీతో కలిసి చేసేలా అక్కతో మాట్లాడు.

కాగితాలు కూడా ఒకసారి చూడండి, వలంటీర్లు మారినప్పుడల్లా అవి ఎక్కడో పోతుంటాయి. యూడీఐడీ కార్డు (వైకల్యం గుర్తింపు కార్డు), వికలాంగుల పింఛను, నిరామయ ఆరోగ్య ఇన్సూరెన్స్ (ఏడాదికి లక్ష రూపాయల వరకు, కేంద్ర ప్రభుత్వ నేషనల్ ట్రస్ట్‌ది, టైముకి రెన్యువల్ చేయాలి). ఇవి రైలన్నకి ఉన్నాయో లేవో అక్కనే అడుగు.

ఇక కొంచెం కటువుగా చెప్తా, ఏమనుకోకు. నీ పోస్టులో నేను లేకపోతే ఆయన ఏమైపోతాడో అనే మాట ఎక్కడా లేదు గానీ వినబడుతోంది. అది ప్రేమే, కాదనను. కానీ ఇలాంటి ఇళ్లు ఒక్క మనిషి మీద ఆధారపడకూడదు. లార్ష్ అని ఇలాంటి ఇళ్లు నడిపే సంస్థే ఒకటి ఫ్రాన్స్‌లో 1964లో మొదలైంది, మన దేశంలో ఆశా నికేతన్ పేరుతో బెంగళూరులో 1970 నుంచి ఉంది. దాన్ని స్థాపించిన జాన్ వనియేని దాదాపు సాధువులా చూశారు. ఆయన 2019లో పోయాక, ఆ సంస్థే వేయించిన విచారణ 2020లో బయటికొచ్చింది, ఆయన మహిళలని లైంగికంగా వాడుకున్నాడని. ఆ ఇళ్లలో ఏళ్లకేళ్లు చాకిరీ చేసినవాళ్లది తప్పు కాదు. కానీ ఎవరినైనా ప్రశ్నించలేనంత ఎత్తున కూర్చోబెడితే ఎంత మంచి ఇంట్లోనైనా కిటికీలు మూసుకుపోతాయి. వలంటీర్లు వస్తూ పోతూ ఉండటంలో ఒక మేలు అదే, బయటి కళ్లు వస్తుంటాయి.

ఫోన్ చేస్తానని మాటిస్తే వారం, టైం చెప్పి ఇవ్వు. నిలబెట్టుకోలేనంటే ఇవ్వకు. ఈ పని నచ్చి చదవాలనిపిస్తే డి.ఎడ్ స్పెషల్ ఎడ్యుకేషన్ రెండేళ్లు, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో నీపిడ్ అని బుద్ధిమాంద్యం మీద పనిచేసే కేంద్ర సంస్థ ఉంది, వెళ్లి కనుక్కో. వలంటీర్ సర్టిఫికెట్‌తో మాత్రం స్పెషల్ ఎడ్యుకేటర్‌గా రిజిస్ట్రేషన్ రాదు, ఎవరైనా వస్తుందంటే నమ్మకు.

ఓరుగల్లు పోరడు:

అందరికీ థ్యాంక్స్. గంప కింద కోడి గారూ, మీ మాట గట్టిగానే తగిలింది. నోట్‌బుక్ కొన్నా, పద్నాలుగు పేజీలు అయ్యాయి, ఇంకా స్నానం దగ్గరే ఉన్నా. నిరామయ రెన్యువల్ అయిపోయి ఐదు నెలలైంది, అక్క తల పట్టుకుంది. నాకు ముందు ఎవరని అడిగితే ఏడుగురి పేర్లు చెప్పింది. అందులో ఒకాయన ఇప్పటికీ ఆదివారాలు ఫోన్ చేస్తాడట, అదే నాకు తెలియదు. రైలన్నకి ఆదివారం వచ్చే ఆ ఫోన్ వాళ్ల అన్నది అనుకున్నా ఇన్నాళ్లు.

నిన్న చెప్పేశా. వత్తుల పని అయ్యాక క్యాలెండర్ పెట్టి, ఆ గడిలో రైలు బొమ్మ వేసి, ఇక్కడ నేను హైదరాబాద్ పోతున్నా, అక్కడే ఉంటా, మళ్లీ ఇక్కడ ఉండటానికి రాను అని అక్క నేర్పించినట్టే చెప్పా. చాలాసేపు బొమ్మ చూశాడు. "ఏ బండి, భాగ్యనగరా, గోల్కొండనా?" అన్నాడు. బస్సులో పోవాలనుకున్నాను అసలు. గోల్కొండ అని చెప్పా. "ఇంజన్ గిట్ల ఉండదు" అని పెన్ను తీసుకుని బొమ్మ ముందు ఒక డబ్బా గీశాడు. ఏడవలేదు. సాయంత్రం బ్రిడ్జి దగ్గరికి మాత్రం రానన్నాడు, పది నెలల్లో మొదటిసారి. అవ్వ అంది, "బతుకమ్మ అలిగే ఆరో దినానికి ఇంక మస్తు టైముంది, వీడు ఇప్పుడే అలిగిన బతుకమ్మ ఆడుతున్నడు" అని.

ఈ రోజు పొద్దున నేను లేచేసరికే చొక్కా వేసుకుని మంచం మీద కూర్చుని ఉన్నాడు. మెడ దగ్గరి గుండీ కూడా పెట్టుకున్నాడు, కాకపోతే అన్నీ ఒక కాజా పక్కకి జరిగాయి, కాలర్ ఒకవైపు చెవి దాకా వచ్చింది. సరిచేద్దామని చెయ్యి పెట్టబోతే తోసేశాడు. అట్లనే టిఫిన్‌కి వచ్చాడు, అట్లనే వత్తులకి కూర్చున్నాడు. ఇది టైప్ చేస్తుంటే ఎదురుగానే ఉన్నాడు, ఇంకా అట్లనే ఉంది కాలరు. గులాబి రంగు ఎప్పుడు తెస్తావని ఇప్పుడే అడిగాడు, రేపు మార్కెట్‌కి పోతున్నా.