ఫ్యాన్ డైరెక్ట్ చేయించడం తప్పా?

పాతకారు_ఓనర్:
పన్నెండేళ్ల పెట్రోల్ కారు. ట్రాఫిక్‌లో ఆగితే చాలు, టెంపరేచర్ ముల్లు ఎరుపు దాకా పోతోంది. కాస్త స్పీడు అందుకుంటే మళ్లీ సగానికి దిగుతుంది. బానెట్ ఎత్తి చూశా, రేడియేటర్ ఫ్యాన్ తిరగడం లేదు. మెకానిక్ ఏమో "సెన్సర్ పోయుంటుంది, డైరెక్ట్ లైన్ ఇచ్చేస్తా, తాళం తిప్పగానే ఫ్యాన్ తిరుగుతుంది, జన్మలో మళ్లీ హీటవ్వదు" అంటున్నాడు. చేయించనా, వద్దా?

స్పానర్_చేతిలో:
చేయించండి. నా బండికి నాలుగేళ్ల కిందట చేయించా, ఇప్పటిదాకా ముల్లు సగం దాటలేదు. ఇంజిన్ మరీ చల్లబడిపోతుందని కొందరు భయపెడతారు. ఫ్యాన్ ఊదేది రేడియేటర్ మీద, ఇంజిన్ మీద కాదు. 82, 90 డిగ్రీల మధ్య ఎక్కడో థర్మోస్టాట్ (వేడికి తెరుచుకునే వాల్వ్) తెరుచుకునేదాకా వేడి కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) రేడియేటర్‌లోకి రానే రాదు. థర్మోస్టాట్ బాగుంటే ఫ్యాన్ రోజంతా తిరిగినా ఏమీ కాదు.

వైరు_వైద్యుడు:
ఆ మాట ఒప్పుకుంటా. నా భయం వేరే. ఆ మోటార్ 15, 20 ఆంపియర్లు లాగుతుంది, తిరగడం మొదలెట్టే క్షణంలో ఇంకా ఎక్కువ. డైరెక్ట్ పేరుతో చాలామంది చేసేది ఇగ్నిషన్ లైన్ నుంచి ఓ సన్న వైరు లాగి టేపు చుట్టడం. రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్, ఆఫ్ చేసే స్విచ్) ఉండదు, ఫ్యూజ్ ఉండదు. మోటార్ పట్టేసిన రోజు కాలేది ఆ వైరే.

అయినా సెన్సర్ పోయిందని ఎవరు తేల్చారు? చాలా కార్లలో ముల్లుకీ ఫ్యాన్‌కీ ఒకటే సెన్సర్. ముల్లు పైకి పోతోందంటే అది వేడిని చూస్తున్నట్టే కదా! పాత మోడళ్లలో ఫ్యాన్‌కి రేడియేటర్ దగ్గర వేరే స్విచ్ ఉంటుంది, మీదేదో చూసుకోండి.

ముందు ఏసీ వేయండి. చాలా బండ్లలో వెంటనే ఫ్యాన్ తిరగాలి. తిరగలేదంటే ఫ్యూజ్ చూడండి. అది బాగుంటే ఫ్యాన్ రిలే పీకి, అదే నంబరున్న రిలే ఇంకోటి ఉంటే (తరచూ హారన్‌ది ఉంటుంది) అది పెట్టి చూడండి. అప్పుడూ రాకపోతే మోటార్ ప్లగ్ ఊడదీసి, బ్యాటరీ నుంచి ఫ్యూజున్న వైరుతో నేరుగా కరెంటివ్వండి. దానికీ తిరగకపోతే మోటారే పోయినట్టు, డైరెక్ట్ చేసినా దండగే. చేతులు మాత్రం రెక్కలకు దూరంగా ఉంచండి. కొన్ని కార్లలో ఇంజిన్ ఆపాక కూడా ఫ్యాన్ ఉన్నట్టుండి మొదలవుతుంది.

స్పానర్_చేతిలో:
ఇవన్నీ మీకు సులువే. పిల్లలతో ట్రాఫిక్‌లో ఇరుక్కున్నవాడు రిలేలు పీకుతూ కూర్చుంటాడా? సరే, మంచి రిలే, ఫ్యూజ్ పెట్టి డాష్‌బోర్డులో ఓ స్విచ్ ఇస్తే మీకేంటి అభ్యంతరం?

వైరు_వైద్యుడు:
అలా చేస్తే పేచీ లేదు, స్విచ్ వేయడం మర్చిపోనంతవరకు. నేనైతే మర్చిపోతా.

కూలెంట్_కబుర్లు:
ఇద్దరూ ఫ్యాన్ చుట్టూనే తిరుగుతున్నారు! కూలెంట్ ఎంతుందో ఎవరైనా అడిగారా? లెవెల్ పడిపోతే సెన్సర్ దగ్గర ద్రవం బదులు గాలి నిలుస్తుంది, ఇంజిన్ ఉడికిపోతున్నా ఫ్యాన్‌కి కబురందదు. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే మూత తీయండి. లోపల ప్రెషర్ ఉంటుంది కాబట్టే 100 డిగ్రీలు దాటినా మరగదు. వేడి మీద మూత తీశారో, ఒక్కసారిగా మరిగి మొహాన చిమ్ముతుంది.

పాతకారు_ఓనర్:
అందరికీ థ్యాంక్స్. చల్లారాక చూశా, కూలెంట్ నిండుగానే ఉంది. ఏసీ వేసినా ఫ్యాన్ రాలేదు. ఫ్యూజ్ బాగుంది, రిలే మార్చినా అంతే. మోటార్ ప్లగ్ ఊడదీస్తే లోపల ఒక పిన్ను నల్లబడి, చుట్టూ ప్లాస్టిక్ కరిగిపోయి ఉంది. బ్యాటరీ నుంచి ఇస్తే తిరిగింది, కానీ గరగరమంటూ బద్ధకంగా.

స్పానర్_చేతిలో:
చూశారా? డైరెక్ట్ చేసేవాడు ఆ ప్లగ్గు కోసి పారేసేవాడు. సమస్య అక్కడితో తీరిపోయేది.

వైరు_వైద్యుడు:
ప్లగ్గు ఎందుకు కరిగిందో అడగరేం? లూజ్ కనెక్షన్ వల్ల కావచ్చు, మోటార్ బిగుసుకుపోయి కరెంటు ఎక్కువ లాగడం వల్లా కావచ్చు. గరగర వింటే నాకు రెండోదే అనిపిస్తోంది. బ్యాటరీ తీసేసి రెక్కల్ని చేత్తో తిప్పండి, తేలిగ్గా తిరగాలి.

పాతకారు_ఓనర్:
తిప్పా. బాగా బిగుసుగా ఉంది, వదిలిన చోటే ఆగిపోతోంది. మోటార్, ప్లగ్ రెండూ మార్చమని చెప్పి వచ్చా. మెకానిక్ సరేనన్నాడు. "కొత్త మోటార్‌కి కూడా డైరెక్టే ఇచ్చేద్దామా సార్?" అని అడుగుతున్నాడు.