ఎక్స్‌ఎంపీ ఆపితే క్రాష్‌లు ఆగాయి: ర్యామ్ వారంటీకి పంపాలా, అలాగే వాడుకోవాలా?

పీసీ_గుంటూరు:
అన్నలూ, నావి డీడీఆర్4 రకం ర్యామ్, 8 జీబీ స్టిక్‌లు రెండు, డబ్బా మీద స్పీడు 3200 అని ఉంది. పని మధ్యలో బ్లూ స్క్రీన్ పడి 'మెమరీ మేనేజ్‌మెంట్' అంటోంది. విండోస్‌లో ఉన్న మెమరీ టెస్ట్ ఏ తప్పూ చూపలేదు. ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రాం రాత్రంతా నడిపితే పొద్దుటికి ఎర్రర్లు. బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగ్‌లలో) ఎక్స్‌ఎంపీ, అంటే ర్యామ్‌ను డబ్బా మీది స్పీడుకు పెంచే సెట్టింగ్, ఆపాక 2133 స్పీడు దగ్గర అంతా క్లీన్. షాపాయన "అలాగే వాడుకోండి, ఏం కాదు" అంటున్నాడు. మీరేమంటారు?

ఫ్యాన్‌స్పీడ్:
షాపాయన చెప్పింది కరెక్టే. ఎక్స్‌ఎంపీ అంటేనే ఓవర్‌క్లాక్, మామూలు స్పీడు కంటే ఎక్కువ నడపడం. డీడీఆర్4 మామూలు వోల్టేజ్ 1.2, ఎక్స్‌ఎంపీలో చాలా కిట్లకు 1.35. ర్యామ్‌ను నడిపే మెమరీ కంట్రోలర్ ఉండేది ప్రాసెసర్‌లో. అది తట్టుకోకపోతే ర్యామ్‌ను ఆడిపోసుకుని లాభం లేదు. ఒకటీ అరా ఎర్రర్ ఎవరికైనా వస్తుంది. ఎక్సెల్‌కీ బ్రౌజర్‌కీ 2133 చాలు.

నల్లమల:
'ఒకటీ అరా ఎవరికైనా వస్తుంది' అన్నది ఒప్పుకోలేను ఫ్యాన్‌స్పీడ్ గారూ. గూగుల్ సర్వర్ల మీద జరిగి 2009లో వెలువడిన అధ్యయనంలో ఏడాదికి 8 శాతానికి కాస్త పైగా స్టిక్‌లలోనే ఎర్రర్లు కనిపించాయి. వాటిలో వచ్చిపోయేవాటికంటే చిప్‌లో పాతుకుపోయిన లోపాలవే ఎక్కువ.

కంట్రోలర్ సంగతి నిజమే. అందుకే ముందు తప్పెవరిదో తేల్చుకోవాలి. ఎక్స్‌ఎంపీ ఆన్‌లోనే ఉంచి, ఒకే స్టిక్‌ను ప్రాసెసర్ నుంచి రెండో స్లాట్‌లో పెట్టి మెమ్‌టెస్ట్ నడపండి. తర్వాత అదే స్లాట్‌లో రెండోది. ఎర్రర్ ఒక స్టిక్ వెంటే తిరిగితే దానిదే తప్పు. విడివిడిగా రెండూ పాసై, కలిపితేనే ఫెయిలైతే బోర్డో కంట్రోలరో మోయలేకపోతోందని. అప్పుడు 2933కి దించి చూడండి, కొత్త ర్యామ్ తెచ్చినా ఒరిగేదేమీ ఉండదు. స్క్రీన్ మీద అడ్రస్ కూడా గమనించండి. ప్రతి విడత పరీక్షలో అదే అడ్రస్, అదే బిట్ అయితే ఆ బిట్‌ను దాచే సెల్ పోయినట్టే. ఇవాళ 2133లో పాసైన సెల్ రేపు అక్కడా ఫెయిల్ కావచ్చు.

బ్లూ స్క్రీన్ పడితే కనీసం మనకు తెలుస్తుంది. నా భయమంతా తెలియకుండా జరిగే నష్టం గురించే. తప్పు బిట్‌తో సేవ్ అయిన ఫోటో నెలల తర్వాత తెరిస్తేగానీ బయటపడదు, ఈలోపు బ్యాకప్‌లోకీ అదే వెళ్లిపోతుంది. లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ మెషీన్‌లోనే రెండున్నరేళ్లు బాగా నడిచిన ర్యామ్ 2022లో పాడైంది. ఆయన కూడా మొదట కెర్నల్ (లినక్స్ మూల ప్రోగ్రాం) కోడ్‌నే అనుమానించారు.

పీసీ_గుంటూరు:
చేసి చూశాను. ఒక స్టిక్ ఏ స్లాట్‌లో పెట్టినా ఎర్రర్లే, అదీ ఒకే అడ్రస్ దగ్గర. రెండోది క్లీన్.

ఫ్యాన్‌స్పీడ్:
అయినా నా మాట ఇదే. వారంటీకి పంపితే వారాల తరబడి సిస్టమ్ లేకుండా కూర్చోవాలి, కిట్ కాబట్టి రెండూ అడుగుతారు. పని ఆగితే ఎవరిస్తారు?

నల్లమల:
పని ఆగకూడదంటే తక్కువ ధరలో ఒక స్టిక్ కొని నడిపించండి, చెడ్డదానితో మాత్రం వద్దు. ఎర్రర్ల స్క్రీన్ ఫోటో తీసి, డబ్బా మీదున్న స్పీడే పెట్టానని రాసి జతచేయండి. ఆ స్టిక్ తీసేదాకా బయోస్ అప్‌డేట్ జోలికి పోకండి, ఆ ఫైలు కూడా ర్యామ్ మీదుగానే వెళ్తుంది. క్రాష్‌లు మొదలయ్యాక కాపీ చేసిన ఫైళ్లను పాత బ్యాకప్‌తో పోల్చుకోండి. అది అయ్యేవరకు పాత బ్యాకప్ మీద కొత్తది ఎక్కించకండి.