సింకు కింద కబోర్డులో గీజర్ పెట్టించొచ్చా? మా ఇంట్లో పంచాయితీ తెగట్లేదు

పటమట అత్తయ్య:
అందరికీ నమస్తే. మాది పటమటలో అపార్ట్‌మెంటు, మూడో ఫ్లోరు. పాత వంటిల్లు పీకించి మాడ్యులర్ కిచెన్ చేయిస్తున్నాం. సింకు దగ్గర వేడినీళ్లు ఉండాలని మా కోడలి కోరిక. కబోర్డులు చేసే అబ్బాయి "మూడు లీటర్ల గీజర్ సింకు కింద పెట్టేస్తానండీ, తలుపు వేస్తే కనపడదు" అన్నాడు. అది విని మా ఆయన "చెక్కపెట్టెలో కరెంటు పొయ్యి పెట్టి తలుపు మూస్తారా?" అని లేచారు. నలభై ఏళ్లు రైల్వే సిగ్నళ్ల వైర్లతో గడిపిన మనిషి, ఆయన మాట తీసెయ్యలేను. కోడలి మాటా తీసెయ్యలేను. సింకు కబోర్డు రెండున్నర అడుగుల వెడల్పు, పక్క అరలో గ్యాస్ బండ, ఆ పక్కన సొరుగులు. గీజర్ 3 కిలోవాట్లది. శుక్రవారం ఎలక్ట్రీషియన్ వచ్చి గోడ కొడతాడు, ఆలోపు తేల్చుకోవాలి. వాడినవాళ్లు ఉంటే చెప్పండి.

బెంజిసర్కిల్ బుల్లోడు:
బెజవాడలో వంటింటికి గీజరా అత్తయ్యా! మే నెలలో మధ్యాహ్నం రెండింటికి కుళాయి తిప్పితే చెయ్యి కాలుద్ది. డాబా మీద ట్యాంకే మన గీజరు, కరెంటు బిల్లు కూడా రాదు.

వన్‌టౌన్ వదిన:
బుల్లోడు గారూ, మే నెల సంగతి సరే. సంక్రాంతికి అరిసెలు వండిన మూకుడు మర్నాడు పొద్దున్నే చన్నీళ్లతో ఎప్పుడన్నా తోమారా? నూనె గడ్డకట్టి పీచుకు అంటుకుంటుంది, గిన్నెను వదలదు. మన ఊళ్లో చలి లేదంటారు గానీ జనవరి తెల్లవారుజామున 18 డిగ్రీల దాకా దిగుతుంది, అంట్లు తోమే మనిషి వేళ్లకు అది చాలు. మా పనమ్మాయి పొయ్యి మీద తపేలా పెట్టి నీళ్లు కాచి, మసిగుడ్డతో పట్టుకుని సింకు దాకా మోసుకొచ్చేది. అది మాత్రం ప్రమాదం కాదా? గీజర్ పెట్టించండి. ఎక్కడ, ఎలా అన్నది తెలిసినవాళ్లు చెబుతారు.

వైరు మామ (గుంటూరు):
అత్తయ్య గారూ, మామయ్య గారిది సగం నిజం. గీజర్‌కు భయపడక్కర్లేదు. లోపల నీళ్ల డబ్బా, దాని చుట్టూ నురుగు పొర. పై తొడుగు చెయ్యి కాలేంత వేడెక్కదు. భయపడాల్సింది ప్లగ్గుకు.

లెక్క చూడండి. 3000 వాట్లు, 230 వోల్టులు, అంటే 13 ఆంపియర్లు. మిక్సీ, మొబైల్ పెట్టుకునే 6 ఆంప్స్ సాకెట్ దీనికి పనికిరాదు. 16 ఆంప్స్‌ది కావాలి, బోర్డు నుంచి దీనికంటూ విడిగా 4 స్క్వేర్ ఎంఎం మందం వైరు లాగాలి. ఇది అందరూ చెప్పేదే. ఎవరూ చెప్పనిది ఇంకోటి ఉంది. సాకెట్ వెనక స్క్రూ కాస్త వదులైందనుకోండి, లేదా ప్లగ్గు పిన్ను లోపల బిగువుగా కూర్చోలేదనుకోండి. ఆ అతుకు దగ్గర అర ఓమ్ అడ్డు ఏర్పడినా 13 ఇంటూ 13 ఇంటూ 0.5, అంటే 84 వాట్ల వేడి పుడుతుంది. పాతకాలపు గుండు బల్బును తెచ్చి సాకెట్ కడుపులో వెలిగించినట్టు. అప్పుడు ఎంసీబీ, అంటే కరెంటు ఎక్కువైతే తనంతట తానే ఆపేసే స్విచ్చు, పడిపోతుంది కదా అంటారు. పడదు. కరెంటు 13 దాటలేదు, పైగా ఓ పిసరు తగ్గింది. కరెంటు లీకైతే ఆపే ఆర్‌సీసీబీ కూడా పడదు, ఎక్కడా లీకవలేదు కాబట్టి. రెండూ నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంటాయి, సాకెట్ మాత్రం లోపల్లోపల ఉడుకుతుంటుంది.

రెండేళ్ల కిందట బ్రాడీపేటలో ఓ ఇంటికి పిలిచారు. సింకు కింద నుంచి మూడు రోజులుగా చేపల వాసన. ఆ ఇంట్లో చేపలు తినరు. ఆవిడ ఎలుక చచ్చిందేమోనని కబోర్డు అంతా ఖాళీ చేసి సర్ఫ్‌తో కడిగించింది. వాసన పోలేదు. నేను గీజర్ ప్లగ్గు లాగబోతే రాలేదు. కటింగ్ ప్లేయర్‌తో పట్టి ఊపితే వచ్చింది. న్యూట్రల్ పిన్ను చుట్టూ తెల్ల ప్లాస్టిక్ కాస్తా బెల్లం రంగుకు తిరిగి, కరిగి, మళ్లీ గట్టిపడింది. సాకెట్ ప్లాస్టిక్ కాలితే ఒక్కోసారి అలా చేపల కంపే కొడుతుంది. దానికి జానెడు దూరంలో, మేకుకు వేలాడుతూ, ప్లాస్టిక్ కవర్లు కుక్కిన పెద్ద కవరు. మన ఇళ్లల్లో సింకు కింద అది లేని కబోర్డు నేను చూళ్లేదు.

కాబట్టి నా మాట ఒకటే: ప్లగ్గూ స్విచ్చీ గట్టు పైన, కంటికి కనపడేచోట ఉండాలి. తలుపు వెనక వద్దు.

చెక్కపని చిన్నోడు:
మామ గారి అనుభవానికి దండం, కానీ ఒక వదులు స్క్రూ చూపించి అందరినీ టెన్షన్ పెట్టడం బాలేదు. అదే స్క్రూ బాత్రూంలో వదులవదా? ఏసీ పాయింటులో వదులవదా? మేం చేసిన కిచెన్లలో సింకు కింద గీజర్లు చాలానే ఉన్నాయి. నీళ్లు కాగగానే కరెంటు ఆపే థర్మోస్టాట్ ఉంటుంది, అది పాడైతే ఆపడానికి వేరే కటౌట్ ఉంటుంది. నీళ్లకు తట్టుకునే 710 గ్రేడు ప్లై వాడి, వెనక పలక కోసి గాలి ఆడేలా చేస్తాం. గట్టు మీద ప్లగ్గు, వేలాడే వైరు ఉంటే లక్షలు పోసి కిచెన్ చేయించుకోవడం దేనికి? కస్టమరే ఒప్పుకోడు.

వైరు మామ (గుంటూరు):
తమ్ముడూ, బాత్రూంలో సాకెట్ నల్లబడితే స్నానానికి వెళ్లినవాడికి కనపడుతుంది. ఏసీ దగ్గరా అంతే. తలుపు వెనక నల్లబడితే ఎవడు చూస్తాడు? తేడా అక్కడే ఉంది.

తెనాలి టు లీడ్స్:
ఇద్దరి మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోవద్దు. ఇక్కడ ఇంగ్లండులో వంటింటి కబోర్డుల కింద ఏకంగా ఫ్యాన్ హీటర్లే పెడతారు, నీళ్లవి కూడా కాదు. కబోర్డులు కాళ్ల మీద నిలబడతాయి. నేలకూ అడుగు పలకకూ మధ్య 15 సెంటీమీటర్ల ఖాళీ, ముందు పాదాల దగ్గర ఓ పట్టీ చెక్క. ఆ చెక్కకు కంత కోసి, హీటర్ లోపలికి తోసి, జాలీ బిగిస్తారు. వంటింట్లో గది వెచ్చబెట్టే రేడియేటర్‌కు గోడ ఖాళీ లేనివాళ్లకు అదే దిక్కు. మా దాంట్లో 1 కిలోవాట్, 2 కిలోవాట్ల రెండు మెట్లు ఉన్నాయి. అంట్లు తోముతుంటే కాళ్లకు వెచ్చగా తగులుతుంది, హాయిగానే ఉంటుంది.

బిగించినాయన చేసిన పనులు గుర్తున్నంతవరకు చెబుతా. గట్టు పైన దానికంటూ ఓ స్విచ్చు, అందులోనే 13 ఆంప్స్ ఫ్యూజు. కింద ప్లగ్గు పెట్టనే లేదు, వైరు తిన్నగా హీటర్‌లోకి వెళ్తుంది. ఆ వైరును మీటరుకు పైగా పొడవు వదులుగా వదిలాడు. ఎందుకయ్యా అంటే, రేపు శుభ్రం చెయ్యాలంటే కబోర్డు విప్పకుండా హీటర్‌ను పట్టుకుని బయటికి లాగాలి కదా అన్నాడు. చుట్టూ ఎంత ఖాళీ వదలాలో కంపెనీ కాగితంలో చూసి టేపుతో కొలిచాడు. సింకు కింద పెట్టమంటే నీళ్లు కారే చోటు వద్దని రెండు కబోర్డులు పక్కకు జరిపాడు. ఇక్కడ 2005 నుంచి ఇళ్లల్లో కరెంటు పనికి పార్ట్ పి అని నిబంధన ఉంది. కొత్త సర్క్యూట్ లాగితే రిజిస్టరైన ఎలక్ట్రీషియన్ చెయ్యాలి, లేదంటే ఊరి కౌన్సిల్‌కు తెలియజేయాలి.

ఇంత చేసినా తప్పు మా దగ్గరే జరిగింది. మా అమ్మ వచ్చినప్పుడు కాళ్లకు చల్లగా ఉందని సింకు ముందు పట్టా వేసింది. దాని అంచు లేచి జాలీకి ఆనుకుంది. గాలి ఆడక హీటర్ వేడెక్కి దానంతటదే ఆగిపోయింది. పట్టా తీసి చూస్తే జాలీ నిండా దుమ్ము, గోధుమపిండి, తలవెంట్రుకలు. ఫ్యాన్ నేల మీదదంతా లోపలికి పీలుస్తుంది మరి. సీజన్‌కు ఒకసారన్నా లాగి బ్రష్ కొట్టకపోతే కాలిన వాసన ఖాయం.

కాబట్టి చెక్క దగ్గర కరెంటు అనగానే తప్పనలేం. కానీ ఒక్క తేడా ఉంది. ఇక్కడ పొయ్యికి వచ్చేది పైపుల్లో సహజవాయువు, గాలికన్నా తేలిక. లీకైతే పైకి పోతుంది. అత్తయ్య గారు బండ పక్క అరలోనే ఉందన్నారు. ఎవరూ ఆ మాట పట్టించుకోలేదేం?

వైరు మామ (గుంటూరు):
లీడ్స్ బాబూ, నిజంగా నా కళ్లు తెరిపించావు. ప్లగ్గు గొడవలో పడి బండ సంగతే వదిలేశా.

అత్తయ్య గారూ, ఇది జాగ్రత్తగా చదవండి. బండలోని ఎల్పీజీ గాలికన్నా దాదాపు రెట్టింపు బరువు. రబ్బరు గొట్టం పగిలినా, రెగ్యులేటర్ వాచర్ పోయినా ఆ గ్యాస్ పైకి లేవదు. నీళ్లలా కిందికి జారి కబోర్డు అడుగున మడుగు కడుతుంది. గాల్లో నూటికి రెండు పాళ్లు కలిస్తే చాలు, అంటుకోవడానికి. బండ అరకూ సింకు అరకూ మధ్య పలక ఉంటుంది గానీ, పైపుల కోసం దానికి కంతలు కొట్టే ఉంటారు. గీజర్‌లో థర్మోస్టాట్ టిక్కుమన్నప్పుడల్లా లోపల చిన్న నిప్పురవ్వ పుడుతుంది. వేడెక్కినప్పుడు ఒకటి, చల్లారినప్పుడు ఒకటి, రోజంతా. రాత్రి స్విచ్ ఆపడం మరిచిపోతే రాత్రంతా. గీజర్ ఎంత మంచిదైనా, బండా అదీ పక్కపక్కన వద్దే వద్దు. లీడ్స్ బాబు చెప్పిన ఫ్యాన్ హీటరైతే మన వంటిళ్లల్లో ఊహించడానికే భయం. ఎర్రగా కాలే తీగె నేలబారునే ఉంటుంది, గ్యాసూ అక్కడికే చేరుతుంది.

చెక్కపని చిన్నోడు:
ఇది ఒప్పుకుంటా. బండ అర తలుపుకు కింద జాలీ పెడతాం గానీ అది చాలదు. బండను వాష్ ఏరియాలోకి పంపి, గోడ లోంచి రాగి పైపు తెస్తే సరిపోతుంది. ఖర్చు కొంచెం పెరుగుతుంది, అంతే. ప్లగ్గు విషయంలో మాత్రం నా మాట నాదే. కబోర్డు లోపలే, పక్క గోడకు, నడుము ఎత్తులో పెడితే చాలు.

సింగ్‌నగర్ 24:
ఎత్తు మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు మా వీధిలోకి వచ్చినప్పుడు మాది గ్రౌండ్ ఫ్లోరు. నీళ్లు గుమ్మం దాటుతుంటే మా నాన్న మెయిన్ ఆపడానికి పరిగెత్తారు, ఎందుకంటే కిచెన్‌లో రెండు సాకెట్లు గట్టు కింద, నేలకు అడుగు ఎత్తులో ఉన్నాయి. నీళ్లు రోజుల తరబడి నిలిచాయి. తర్వాత ఆ సాకెట్లు విప్పితే లోపల బురద ఎండి ఇటుకలా ఉంది. పార్టికల్ బోర్డు కబోర్డులు ఉబ్బి అట్టల్లా విడిపోయాయి. ఇప్పుడు మా ఇంట్లో గట్టు కింద ఒక్క పాయింటు కూడా లేదు. మూడో ఫ్లోరు వాళ్లకు వరద రాదు, నిజమే. సింకు పైపు ఎప్పుడో ఒకప్పుడు కారుతుంది కదా.

అరండల్‌పేట టీచరమ్మ:
మా ఇంట్లో సింకు కింద గీజర్ ఆరేళ్లుగా ఉంది. మంట, షాక్ ఏమీ లేవు. నా బాధ వేరే. మాది బోరు నీళ్లు. నీళ్లు కాచే ఎలిమెంటుకు గార కట్టి, ముల్లంగి దుంపంత లావైంది. బాగుచేసే అబ్బాయి సగం శరీరం కబోర్డులో దూర్చి, టార్చి నోట్లో పెట్టుకుని గంటన్నర తిప్పలు పడ్డాడు. ఇంకో మాట: వేడికి నీళ్లు వ్యాకోచించినప్పుడు ప్రెషర్ వాల్వు చుక్క చుక్క వదులుతుంది. ఆ చుక్కలకు చిన్న గొట్టం తగిలించి సింకు వేస్ట్ పైపులోకి పంపమనండి. మాకు ఎవరూ చెప్పలేదు, కింద పలక నల్లగా బూజు పట్టింది. ఏదో లీకు అనుకుని ఆ వాల్వును మూసేయమని సలహా ఇచ్చేవాళ్లూ ఉంటారు. పొరపాటున కూడా వినకండి.

వైరు మామ (గుంటూరు):
టీచరమ్మ గారికి నమస్కారం, నేను మరిచిపోయింది గుర్తుచేశారు. కొనేటప్పుడు సింకు కింద పెట్టే మోడలే అడగండి, దానికి పైపులు పైవైపు ఉంటాయి. గోడకు ఎత్తులో బిగించేది తెచ్చి, పైపులు అందట్లేదని తలకిందులు చేసి బిగించినవాళ్లను చూశాను. అలా చేస్తే గాలి పైన నిలిచి, ఎలిమెంటు నీళ్లలో మునగకుండా ఉత్తినే కాలుతుంది.

పటమట అత్తయ్య:
ఇంతమంది ఓపిగ్గా రాశారు, సంతోషం. మొత్తం మా ఆయనకు చదివి వినిపించాను. చెక్క గొడవ ఆయనే వదిలేశారు. గ్యాస్ మాట దగ్గర మాత్రం ఆగి, లేచి వెళ్లి, బండ అర తలుపు తీసి చూసొచ్చారు. పక్క పలకకు మూడు కంతలున్నాయట.

తేలింది ఇది. బండ వాష్ ఏరియాలోకి వెళ్తుంది, రాగి పైపు వేస్తారు. గీజర్ సింకు కిందే ఉంటుంది, కోడలు గెలిచినట్టే. ప్లగ్గు మాత్రం గట్టు పైన, కిటికీ పక్క మూలకు. వైరు గట్టు రాయికి కంత కొట్టి పైకి తెస్తారు. దానికి పక్కనే ఎర్ర లైటున్న స్విచ్చు. చిన్నోడు బాబూ, చూడ్డానికి బాగోదని మా కబోర్డుల అబ్బాయి కూడా నీలాగే మొహం ముడుచుకున్నాడు. మా ఆయన అతనితో "నువ్వు వారంలో వెళ్లిపోతావు, ఇక్కడ అంట్లు తోమేది మేం" అన్నారు. ఈయన అంట్లు తోమింది నేనెప్పుడూ చూళ్లేదు, అది వేరే సంగతి.

బండ ఖాళీ చేసిన అరలో ఏం పెట్టాలా అని నేనూ కోడలూ ఇప్పుడే మొదలెట్టాం. ఆ కవర్ల కవరు అందులోకి మార్చమంటోంది. ఊరికే పారెయ్యొచ్చుగా అంటే వినదు, అచ్చం నాలాగే.