"కడ ముట్టించితిని" మార్చాలా, ఉంచాలా?

మా పాస్టరుగారి సమాధి రాయికి వాక్యం రాసిచ్చే పని నా మీద పడింది. బైబిల్లోని రెండో తిమోతి పత్రిక 4:7 అనుకున్నాం: "మంచి పోరాటము పోరాడితిని, నా పరుగు కడ ముట్టించితిని, విశ్వాసము కాపాడుకొంటిని." సంఘంలో కుర్రాళ్లు ఒప్పుకోవట్లేదు. "నా పరుగు ముగించాను" అని చెక్కిద్దామంటారు. ముట్టించడమంటే నిప్పంటించడం కదా అని ఒకడి అనుమానం. మీరేమంటారు?

— మార్చకండి. ముట్టు అంటే తాకు, ముట్టించు అంటే తాకించు. పొయ్యి ముట్టించినా నిప్పును తాకించడమే. కడ అంటే చివర; కడదాకా, కడసారి, కడగొట్టు బిడ్డ, అన్నిట్లోనూ అదే కడ. పరుగును కడ ముట్టించడమంటే ఆఖరి గీతను తాకేదాకా తీసుకెళ్లడం. "ముగించాను" అని మధ్యలో ఆగిపోయినవాడూ అనొచ్చు. గ్రీకు మూలంలో అక్కడున్న క్రియ "తెతెలెకా". అదీ కడ అనే అర్థమున్న "తెలోస్" నుంచి వచ్చిందే. ఇంత దగ్గరి మాట దొరికాక వదులుకుంటామా? దీని తోబుట్టువు "తుదముట్టించు" ఇప్పుడు శత్రువుల్ని చంపడానికే మిగిలింది, పాపం.

నా సందేహం వేరే. ఆ "-తిని" ఉత్తమ పురుష, అంటే "నేను" అని చెప్పుకునే రూపం. ఆ పత్రికలో అపొస్తలుడు పౌలు తన పోయేకాలం దగ్గరపడిందని తెలిసి తన గురించి తానే అన్న మాట. రాయి మీద చెక్కితే మీ పాస్టరుగారి నోట మీరు పెట్టినట్టవుతుంది. ఆయన అలా చెప్పుకునే మనిషేనా? కాకపోతే అదే అధ్యాయంలో ఐదో వచనం చూడండి: "నీ పరిచర్యను సంపూర్ణముగా జరిగించుము." పరి అంటే చుట్టూ, చర్య అంటే తిరగడం. మంచం పట్టినవాళ్ల చుట్టూ, దిక్కులేనివాళ్ల చుట్టూ తిరగడం.

ఇంకోటి, చెక్కేవాళ్లకు ఏ వరుస ఎక్కడ విరగాలో మీరే గీసివ్వండి. చోటు చాలక "కడ ముట్టించి" పైన, "తిని" కింద పడిందంటే భోజనం చేసి వెళ్లిపోయినట్టుంటుంది.

— చెప్పుకునే మనిషి కాదండీ. ఎవరైనా పొగిడితే "నేనేం చేశానయ్యా, తిరిగానంతే" అనేవారు. మీరు పరిచర్యను విడదీసి చెప్పగానే అదే గుర్తొచ్చింది. ఐదో వచనమే ఖాయం చేస్తున్నాం.

అన్నట్టు, చెక్కేవాళ్లకిచ్చిన పాత కాగితం ఇప్పుడే తిప్పి చూశాను. మూడో వరుసలో "తిని" ఒక్కటే ఉంది.