రంగనాథన్ ఐదో సూత్రం: ‘పెరుగుతున్న జీవి’యా, ‘ఎదిగే జీవి’యా?

భారతీయ గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన గ్రంథాలయ శాస్త్ర పంచసూత్రాలలో చివరిదాన్ని (A library is a growing organism) మిత్రులొకరు ‘గ్రంథాలయం పెరుగుతున్న జీవి’ అని అనువదించి, ఇది సరిపోతుందా అని అడిగారు. భావం అందుతుంది కాని, నాకు రెండు చోట్ల అభ్యంతరం ఉంది.

మొదటిది క్రియ. తెలుగులో పెరగడం, ఎదగడం ఒకటి కావు. ధరలు, అప్పులు, గోళ్లు పెరుగుతాయి; వీటిలో ఏదైనా ఎదిగిందని మనం అనం. పైరు ఎదుగుతుంది, పిల్ల ఎదుగుతుంది. ఏళ్లు గడిచినా ఉన్నచోటే ఉండిపోయిన కొలువును ‘ఎదుగూ బొదుగూ లేని ఉద్యోగం’ అంటాం. ఎదుగుదల ఆగిన జీవి గట్టిపడి నశిస్తుందని రంగనాథన్ వివరించిన తీరు చూస్తే, ఆయన మనసులో ఉన్నది పుస్తకాల లెక్క ఒక్కటే కాదని తెలుస్తుంది.

నేను చాలాకాలం వెళ్లిన ఒక శాఖా గ్రంథాలయంలో ఏటా కొత్త పుస్తకాలు చేరేవి, చేరిన ప్రతి పుస్తకాన్నీ నమోదు చేసే యాక్సెషన్ రిజిస్టరులో అంకె పెరిగేది, ఆ పుస్తకాలు తాళం వేసిన బీరువాల అద్దాల వెనుక వరుసగా కనబడేవి. బల్లల దగ్గర కూర్చున్న యువకులు మాత్రం ఇంటి నుంచి తెచ్చుకున్న గ్రూప్స్ పుస్తకాలు చదువుకుంటూ, గోడకున్న ఒకే ఒక్క ప్లగ్గు దగ్గర ఫోను ఛార్జింగ్‌కు వంతులు వేసుకునేవారు. వాళ్లకు కావలసింది నిశ్శబ్దం, వెలుతురు, ఒక బల్ల, కాస్త కరెంటు. ‘పుస్తకాలు ఉపయోగం కోసమే’ అన్న మొదటి సూత్రం బీరువా తాళం దగ్గరే ఆగిపోయింది. ఆ గ్రంథాలయం పెరిగిందనడానికి రిజిస్టరు సాక్ష్యం ఉంది. ఎదిగిందనడానికి నాకు నోరు రాదు.

రెండో అభ్యంతరం వ్యాకరణానికి సంబంధించినది. ‘పెరుగుతున్న’ వర్తమానార్థకం, అంటే ఇప్పుడు జరుగుతున్న పనిని చెబుతుంది. ‘ఎదిగే’ తద్ధర్మార్థకం, అంటే ‘ఎగిరే పక్షి’, ‘పారే నీరు’ అన్నప్పటిలా స్వభావాన్ని చెబుతుంది. సూత్రం చెప్పవలసింది స్వభావాన్నే. 1935లో గ్రంథాలయోద్యమ నాయకుడు పాతూరి నాగభూషణం కృష్ణా డెల్టా కాలువ మీద పడవ గ్రంథాలయాన్ని నడిపినప్పుడు, తీరుబడిగా సాగే పడవ ప్రయాణంలో కూర్చున్న మనిషి చేతికే పుస్తకం అందింది. ఆ పడవ ప్రయాణాలు ఇప్పుడు లేవు. అయినా చదువరి ఉన్నచోటికి తానే వెళ్లడమన్న ధర్మం మాత్రం, పాత తెలుగు పత్రికలను స్కాన్ చేసి ఫోనులోకి అందించినా, చూపు లేనివారికి పుస్తకాన్ని చదివి రికార్డు చేసి ఇచ్చినా అదే.

మిగతా సూత్రాల అనువాదంలో ‘పాఠకుడు’ బదులు ‘వినియోగదారుడు’ అనాలన్న సూచనను నేను అంగీకరించను. ఆ మాట వినగానే కరెంటు బిల్లు, ఫిర్యాదుల ఫోరమే గుర్తొస్తాయి. రంగనాథన్ మొదటి సూత్రంలో ఉపయోగం అన్నా, తర్వాతి మూడింటిలోనూ పాఠకుడనే అన్నారు.

అందువల్ల ‘గ్రంథాలయం ఎదిగే జీవి’ అన్నది నా ప్రతిపాదన. ‘ప్రాణి’ అనకుండా ‘జీవి’ని అలాగే ఉంచాను, ఎందుకంటే ప్రాణి అనగానే వాడుకలో మనిషో జంతువో తడుతుంది కాని, చెట్టు తట్టదు.