వన్‌టౌన్‌లో 110 గజాల పాత ఇల్లు: అడ్వాన్స్ ఇచ్చేముందు ఏం చూసుకోవాలి?

పాతూరు_చూపు:
నమస్కారమండీ. విశాఖ వన్‌టౌన్‌లో బురుజుపేట దగ్గర ఒక సందులో పాత ఇల్లు బేరానికి వచ్చింది. ముఖం 18 అడుగులు, లోతు 55, మొత్తం 110 గజాలు. ముందు భాగం మద్రాస్ టెర్రస్ (దూలాల మీద ఇటుక, సున్నపు కప్పు), వెనక రెండు గదులు 1970ల నాటి శ్లాబు. రెండు పక్కలా ఇళ్లు గోడకు గోడ ఆనుకునే ఉన్నాయి. ఆస్తి తండ్రి పేరున ఉంది, ఆయన లేరు. అమ్ముతామంటున్నది ఇద్దరు అన్నదమ్ములు. ఇద్దరు అక్కచెల్లెళ్లు ఉన్నారు, ఒకావిడ అమెరికాలో. 80 లక్షలు చెబుతున్నారు. మాకు కారు లేదు. కురుపాం మార్కెట్, పూర్ణా మార్కెట్, అమ్మవారి గుడి నడిచి వెళ్లిపోవచ్చు, అందుకే మధురవాడ ఫ్లాట్ వద్దనుకున్నాం. కాగితాల్లో ఏం చూడాలి? లోన్ వస్తుందా? బాగుచేయించుకుంటే సరిపోతుందా, పడగొట్టి కట్టుకోవాలా?

దస్తావేజు_రాయుడు:
ముందు అక్కచెల్లెళ్ల సంగతి తేల్చుకోండి, గోడల మాట తర్వాత. తండ్రి స్వార్జితమై, వీలునామా రాయకుండా పోయి ఉంటే 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్య, కొడుకులు, కూతుళ్లు, ఆయన తల్లి బతికుంటే ఆవిడా, అందరికీ సమాన వాటా. పిత్రార్జితమైనా 2005 సవరణ తర్వాత కూతుళ్లను పక్కన పెట్టడానికి లేదు. ఆ సవరణ నాటికి తండ్రి బతికుండాలన్న షరతు కూడా లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. 'కట్నం ఇచ్చి పంపేశాం, వాళ్లు అడగరు' అంటే నమ్మకండి. వాళ్లు దస్తావేజులో అమ్మకందార్లుగా సంతకం పెట్టాలి, లేదా అన్నదమ్ములకు హక్కు విడుదల దస్తావేజు రిజిస్టర్ చేసి ఇవ్వాలి. తెల్లకాగితం మీద రాసిచ్చింది చెల్లదు. వారసుల్లో ఎవరైనా పోయి ఉంటే వారి భార్యో భర్తో, పిల్లలూ లెక్కలోకి వస్తారు. మైనర్ వాటా ఉంటే కోర్టు అనుమతి లేకుండా కొనొద్దు, ఆ పిల్లాడు మేజరయ్యాక మూడేళ్ల వరకూ దావా వేయగలడు. తహసీల్దార్ ఇచ్చిన ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీసుకుని పేర్లు ఒక్కొక్కటీ సరిచూసుకోండి.

అమెరికా ఆవిడ రాలేకపోతే పవర్ ఆఫ్ అటార్నీ అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించి పంపాలి. ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించాలి. అందులో ఈ ఇంటి వివరాలు, 'అమ్మే అధికారం' అన్న మాట స్పష్టంగా ఉండాలి. ఇచ్చిన మనిషి రిజిస్ట్రేషన్ రోజుకి బతికే ఉన్నారని రుజువు కూడా తీసుకోండి, ఆ మనిషి పోతే మామూలు పవర్ అక్కడితో సరి.

ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్లు చూపే పత్రం) ఆన్‌లైన్‌లో 1983 నుంచే వస్తుంది. అంతకు ముందుది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అర్జీ పెట్టి తీయించాలి. వన్‌టౌన్‌లో డోర్ నంబర్లు మారిన ఇళ్లు చాలా ఉన్నాయి. ఒక్క కొత్త నంబరుతో వెతికితే ఈసీ శుభ్రంగా కనిపిస్తుంది, పాత నంబరు మీద తాకట్టు బయటపడుతుంది. కొత్త డోర్ నంబరు, పాత డోర్ నంబరు, టౌన్ సర్వే నంబరు, మూడింటితోనూ వెతికించండి. ఒరిజినల్ దస్తావేజు చూపించకుండా జెరాక్సులతో కాలం గడుపుతుంటే అది ఏ బ్యాంకులోనో ఉందనుకోండి, బ్యాంకు తాకట్లు నమోదయ్యే కేంద్ర రిజిస్ట్రీ సెర్సాయ్‌లో కూడా వెతికించండి. ఇంకోటి, 22-ఏ నిషేధిత జాబితా. గుడి, దర్గా, చర్చి, సత్రం స్థలాలు పక్కపక్కనే ఉన్న పేట అది. దేవాదాయ, వక్ఫ్ స్థలమైతే రిజిస్ట్రేషనే కాదు.

ఇవన్నీ కుదిరాక, అడ్వాన్స్ ఇచ్చేముందు లాయర్ చేత పేపర్లో 15 రోజుల గడువుతో ప్రకటన వేయించండి.

కొలత_టేపు:
దస్తావేజులో 110 గజాలు అన్నంత మాత్రాన స్థలంలో 110 ఉండదు. నాలుగు వైపులా, రెండు మూలల మధ్య అడ్డంగా కూడా కొలవండి. ముందు 18 ఉండి వెనక 16 ఉన్న ఇళ్లు ఆ సందుల్లో మామూలే. మీ బేరం గజానికి దాదాపు 72,700 పడుతోంది, అడుగు అడుగుకీ లెక్కే. కొలతలను టౌన్ సర్వే రిజిస్టరుతో పోల్చండి.

రోడ్డు విస్తరణ గీత పడుతుందేమో నగరపాలక సంస్థ (జీవీఎంసీ) టౌన్ ప్లానింగ్‌లో అడగండి. ముందు 5 అడుగులు పోతే 18 × 5 = 90 చదరపు అడుగులు, అంటే 10 గజాలు. మీ రేటున 7 లక్షల పైచిలుకు. సముద్రానికి దగ్గర కాబట్టి తీరం దగ్గర కట్టడాలను నియంత్రించే సీఆర్‌జెడ్ మ్యాప్‌లో మీ సర్వే నంబరు ఎక్కడుందో కూడా చూపించమనండి, పడగొట్టి కట్టాలంటే అది తేలాల్సిందే.

అన్నిటికంటే తగవులు వచ్చేది ఉమ్మడి గోడ దగ్గర. పక్కింటి దూలాలు మీ గోడలో దిగి ఉంటాయి, మీవి వాళ్ల గోడలో. పాత దస్తావేజుల్లో 'ఉత్తరపు గోడలో సగం హక్కు' అనో, 'చూరు నీళ్లు ఫలానా వైపు పడేలా' అనో ఒక వాక్యం ఉంటుంది. అది చదవకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు. వెనకింటివాళ్లకి మీ పెరట్లోంచి నడక హక్కు ఉందేమో అందులోనే తెలుస్తుంది.

పడగొడితే ఉమ్మడి గోడను కదపకుండా వదిలేసి, లోపలగా మీ స్తంభాలు లేపుకోవాలి. రెండు పక్కలా 9 అంగుళాలు వదిలితే వెడల్పు 16 అడుగుల 6 అంగుళాలకు వస్తుంది, 9 గజాలు గోడలకిందే పోయినట్టు. పునాది హద్దు దాటకూడదు కాబట్టి స్తంభం కింది దిమ్మ (ఫుటింగ్) ఒక పక్కకే వస్తుంది, దాన్ని లోపలి ఫుటింగ్‌తో బీముతో కట్టాలి. దీనికి స్ట్రక్చరల్ ఇంజినీరు డ్రాయింగ్ తప్పనిసరి, మేస్త్రి అంచనా చాలదు. పని మొదలుపెట్టేముందు పక్కింటి గోడల పగుళ్లన్నీ తేదీతో ఫొటోలు తీసి వాళ్ల సంతకం తీసుకోండి. లేకపోతే పాత పగులు కూడా మీ ఖాతాలోకే వస్తుంది.

సున్నం_గచ్చు:
నా ఓటు ముందు భాగానికి బాగుచేత, వెనక శ్లాబుకి పరీక్ష.

మద్రాస్ టెర్రస్‌లో టేకు దూలాల మీద సన్న ఇటుకలు నిలువుగా సున్నంలో పేర్చి, పైన ఇటుక జల్లి సున్నపు కాంక్రీటు కొట్టి ఉంటారు. దూలం మధ్యలో గట్టిగానే కనిపిస్తుంది. పాడయ్యేది గోడలో దిగిన కొస, గోడ చెమ్మ పీల్చి అక్కడే కుళ్లుతుంది, చెదలూ అక్కడే పడతాయి. ప్రతి దూలానికీ రెండు కొసలా స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడండి. మెత్తగా దిగితే కొస పోయినట్టే. ఒకటి రెండయితే పక్కన ఇనుప చానల్ వేసి నిలబెట్టొచ్చు. సగానికి పైగా అలాగే ఉంటే కప్పు మొత్తం విప్పాలి.

రెండోది బరువు. కారినప్పుడల్లా పైన ఇంకో పొర సిమెంటు వేసుకుంటూ పోతారు. రెండంగుళాల కాంక్రీటు చదరపు అడుగుకు సుమారు 11 కిలోలు. 200 అడుగుల గది మీద రెండు టన్నులపైనే. డాబా మీద ఒకచోట చిన్న రంధ్రం వేయించి ఎన్ని పొరలున్నాయో చూడండి. కొత్త పొర వేయడం కాదు, పాతవి తీయించడమే వైద్యం. వెయ్యి లీటర్ల ట్యాంకు గది మధ్యన ఉంటే గోడ మీదికి జరిపించండి.

సున్నపు గోడకు సిమెంటు ప్లాస్టరు, పైన పుట్టీ, ఆపైన వాటర్‌ప్రూఫ్ పెయింటు వేసి 'కొత్తగా చేయించాం' అని చూపిస్తారు. లోపలి చెమ్మ బయటికి పోయే దారి లేక పైకి పాకుతుంది, నేల నుంచి మూడడుగుల దాకా ఉప్పు పొంగి పెయింటు పొక్కులు కడుతుంది. కొత్త రంగు కేవలం మూడడుగుల ఎత్తు దాకానే ఉంటే అనుమానించండి. అక్కడ ప్లాస్టరు చెక్కేసి సున్నంతోనే మళ్లీ పూయాలి. ఇల్లు చూడటానికి అక్టోబరు, నవంబరు వానలు పడ్డాక వెళ్లడం మేలు.

వెనక శ్లాబు సంగతి వేరు. ఉప్పుగాలిలోని క్లోరైడ్ కాంక్రీటులోకి దిగి ఊచను తుప్పు పట్టిస్తుంది. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి కింది పెచ్చు ఊడిపోతుంది. ఊచల వరసలోనే గీతలు గీసినట్టు పగుళ్లుంటే అదే. సుత్తితో కొడుతూ పోండి, డొల్ల శబ్దం వచ్చిన చోట సుద్దతో గుర్తు పెట్టండి. చిన్న ముక్క చెక్కి ఫినాఫ్తలీన్ చల్లితే గులాబి రంగు వచ్చిన కాంక్రీటుకి ఊచను కాపాడే క్షారం మిగిలినట్టు, రంగు రాకపోతే పోయినట్టు. ఇది క్లోరైడ్‌ని చూపించదు, దానికి ల్యాబ్ పరీక్ష, ఊచ తుప్పు పడుతోందో లేదో చూడటానికి హాఫ్ సెల్ పరీక్ష ఉన్నాయి. పెచ్చులూడిన చోట సిమెంటు పామేస్తే పక్కనే మళ్లీ తుప్పు మొదలవుతుంది. ఊచ వెనక అంగుళం దాకా చెక్కి, తుప్పు తీసి, సన్నబడిన చోట కొత్త ఊచ కలిపి, మైక్రోకాంక్రీటు పోయాలి. సగం శ్లాబు అలా చేయాల్సి వస్తే పడగొట్టడమే చవక.

పాతూరు_చూపు:
చాలా థాంక్స్ అండీ. లోన్ సంగతి కూడా ఎవరైనా చెబుతారా?

ఈఎంఐ_లెక్క:
పాత ఇంటికి ప్లాన్ కాపీ ఉండదు, బ్యాంకు మొదట అడిగేది అదే. ఎప్పటి నుంచో పన్ను కట్టిన జీవీఎంసీ రసీదులు ఒప్పుకునే బ్యాంకు ఏదో ముందే కనుక్కోండి. విలువ కట్టడానికి బ్యాంకు పంపే వాల్యూయర్ పాత కట్టడానికి దాదాపు సున్నా వేసి స్థలానికే విలువ కడతాడు. 30 నుంచి 75 లక్షల లోన్‌కు ఆర్బీఐ పరిమితి ఆస్తి విలువలో 80 శాతం. మీరు 80 లక్షలు ఇచ్చినా వాల్యూయర్ 60 రాస్తే 48 దాటదు, మిగతా 32 మీ చేతిలో ఉండాలి. దాని మీద స్టాంపు డ్యూటీ 5, బదిలీ డ్యూటీ ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఒక శాతం, కలిపి ఆరు లక్షలు. ఇది లోన్‌లో రాదు. 'దస్తావేజులో తక్కువ రాద్దాం' అంటే ఒప్పుకోకండి, లోనూ తగ్గుతుంది.

50 లక్షలు, ఆపైన బేరానికి 1 శాతం టీడీఎస్ (అమ్మేవాళ్ల పన్ను) వాళ్లకిచ్చే సొమ్ములోంచి మీరే పట్టి ప్రభుత్వానికి కట్టాలి. నలుగురు అమ్మేవాళ్లలో ఒక్కొక్కరికి 20 లక్షలే వస్తున్నా 2024 అక్టోబరు నుంచి మొత్తం బేరాన్నే చూస్తున్నారు. ఎవరి పాన్ మీద వారిది వేరుగా కట్టాలి. పాన్, ఆధార్ జోడించక పాన్ పనిచేయకుండా పోతే 20 శాతం, కాబట్టి ముందే సరిచూడండి. అమెరికా ఆవిడ ఎన్నారై అయితే ఆ వాటాకు ఈ 1 శాతం వర్తించదు, రేటు చాలా ఎక్కువ. తక్కువ పట్టేలా ఆదాయపు పన్ను శాఖ నుంచి సర్టిఫికెట్ ఆవిడే తెచ్చుకోవాలి. దానికి వారాలు పడుతుంది కాబట్టి అగ్రిమెంటు గడువు ఆ మేరకు పెట్టుకోండి.

దస్తావేజు_రాయుడు:
ఇంకో మాట. అగ్రిమెంటు రోజే తాళాలిస్తామంటే తీసుకోకండి, స్వాధీనంతో కూడిన అగ్రిమెంటుకి అమ్మకం దస్తావేజంత స్టాంపు డ్యూటీ అడుగుతారు. లోపల అద్దెవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లు ఖాళీ చేశాకే చివరి చెక్కు.

కొలత_టేపు:
మార్గశిర మాసంలో ఒక గురువారం పొద్దున్న వెళ్లి ఆ సందు చూడండి. కనకమహాలక్ష్మి అమ్మవారికి వచ్చే జనంలో ఆటో కూడా కదలదు. సందులో అన్నిటికంటే ఇరుకైన చోట వెడల్పు కొలుచుకోండి, ఇసుక, ఇటుక ఎక్కడ దింపి ఎంత దూరం రిక్షాలో మోయించాలో దాన్నిబట్టే కూలి. కిటికీ అంచు వేలితో తుడిచి చూస్తే పోర్టు వైపు నుంచి వచ్చే నల్ల దుమ్ము ఎంతుందో కూడా తెలుస్తుంది, ఇల్లు కడిగి చూపించేలోపే వెళ్లండి.