అనెక్ తెలుగు ఫాంటుతో కథల పుస్తకం వేయొచ్చా?

కథల పుస్తకం పనిలో ఉన్నవాడు:
మా అమ్మమ్మ చెప్పిన కథలు పిల్లల కోసం 112 పేజీల పుస్తకంగా వేస్తున్నాం. లోపలి మేటర్‌కి ఫాంట్లు గీసే ఎక్ టైప్ వాళ్ల అనెక్ తెలుగు పెట్టాను. 2022లో వచ్చింది, ఉచితం. సన్నం నుంచి లావు దాకా, ఇరుకు నుంచి వెడల్పు దాకా ఎంత కావాలంటే అంత జరుపుకోవచ్చు. ప్రూఫు చూసిన మా మామయ్య మాత్రం "ఇది పుస్తకంలా లేదురా, కరెంటు బిల్లులా ఉంది" అన్నాడు. ఆయన అలవాటు కొద్దీ అంటున్నాడా, నిజంగానే ఫాంటు తప్పా?

పాత డీటీపీ:
నా ఓటు మీ మామయ్యగారికే. అనెక్‌లో గీత మందం దాదాపు అంతటా ఒకటే. బోర్డు మీద, ఫోన్‌లో బ్రహ్మాండంగా ఉంటుంది. పేజీల కొద్దీ చదవాలంటే మాత్రం గీతలో మందం, సన్నం తేడా తెలియాలి. టిరో తెలుగు చూడండి, పుస్తకాల కోసమే గీసింది. లేదంటే సూరన్న.

యాప్ డిజైనర్:
అన్నా, అది అలవాటే. ఇప్పటి పిల్లలు తెలుగు చదివేదే ఫోన్‌లో, నోటో సాన్స్ లాంటి వాటిలో. వాళ్లకు మీ మందం, సన్నం గీతలే వింత. పైగా టిరోలో బోల్డ్ లేదు. మామూలుది, ఇటాలిక్, అంతే. సూరన్నదీ ఒకటే మందం. కథ పేరు లావుగా కావాలంటే ఏం చేస్తారు?

పాత డీటీపీ:
రామభద్ర అనే లావు ఫాంటు పెడతాను తమ్ముడూ. పెళ్లికార్డులో పేర్లకు ఒక ఫాంటు, ముహూర్తానికి ఇంకో ఫాంటు పెట్టట్లేదా?

ప్రూఫులు చూసే ఆవిడ:
మీరు గీత గురించి కొట్టుకుంటున్నారు, నా బాధంతా చుక్క గురించి. ఒక పుస్తకానికి బోల్డ్ లేని ఫాంటు తీసుకుని, సాఫ్ట్‌వేర్‌లో బోల్డ్ బటన్ నొక్కేశారు. అదేం కొత్త అక్షరం గీయదు కదా, ఉన్న గీతనే ఉబ్బిస్తుంది. 8 పాయింట్లలో "థ" కడుపులో చుక్క పూడిపోయింది. ప్రతి పేజీ తల మీద "కథలు" కాస్తా "కధలు" అయి కూర్చుంది. తిట్లు నాకు పడ్డాయి, ఒత్తులు రావని!

బాబూ, స్క్రీన్ మీద పెద్దది చేసి చూసుకుని మురిసిపోకు. "కథ, విధం, రాష్ట్రం, స్త్రీ" ఉన్న పేజీని అసలు సైజులో, అసలు కాగితం మీద తీసి చూడు.

కథల పుస్తకం పనిలో ఉన్నవాడు:
తీశాను మేడమ్. 12 పాయింట్ల అక్షరానికి లైన్ స్పేసింగ్ 16 ఇచ్చి, కాగితం మిగిల్చాననుకున్నాను. చూస్తే "స్త్రీ" కింది ఒత్తు, కింది లైన్‌లోని "కీ" గుడిదీర్ఘాన్ని పట్టుకుని వేలాడుతోంది. స్పేసింగ్ 18 చేశాను. ఏడు ఫారాల (ఫారానికి 16 పేజీలు) పుస్తకం ఎనిమిదైంది, ఖర్చు పెరిగింది. ఫాంటు మాత్రం అనెక్కే. మామయ్య నాలుగు పేజీలు చదివి ఫాంటు ఊసే ఎత్తలేదు. "నక్క కథ మా అమ్మ ఇలా చెప్పేది కాదు" అన్నాడు.

పాత డీటీపీ:
అవే నాలుగు పేజీలు టిరోలో కూడా తీసి చూపించాల్సింది.